అరీనాలో ఊరికే వచ్చే గెలుపు

ఆబ్లివియన్ అనే వీడియో గేమ్ కొత్తగా ఆడుతున్నవాళ్లు ఎవరైనా "అరీనాలో గ్రాండ్ ఛాంపియన్‌ని ఎలా కొట్టాలి?" అని అడిగితే చాలు, ఠక్కున ఒకటే జవాబు వస్తుంది. ముందు వెళ్లి అతను అడిగే పని చేసిపెట్టు, ఆ తర్వాత అతను కత్తి ఎత్తడు, నిలబడ్డవాణ్ని నిలబడ్డట్టే నరికేసి టైటిల్ పట్టుకో. చెప్పేవాళ్లు చాలా ప్రేమగానే చెబుతారు. సలహా పనిచేస్తుంది కూడా, అందులో అబద్ధమేమీ లేదు. అయినా నా దృష్టిలో ఈ ఆట గురించి ఇచ్చే సలహాల్లో ఇంత చెడ్డది ఇంకోటి లేదు. ఎందుకో చెప్పాలంటే కథ మొత్తం బయటపెట్టక తప్పదు. 2006 మార్చిలో వచ్చిన ఆట కాబట్టి ఎవరూ కోప్పడరనే అనుకుంటున్నా.

ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆటలోని రాజధాని ఇంపీరియల్ సిటీలో ఒక పేట మొత్తం అరీనాదే, అంటే బరిలో జనం ముందు ప్రాణాలొడ్డి పోట్లాడే చోటు. పైన జనం కూర్చుని నీలం జట్టు మీదో పసుపు జట్టు మీదో పందెం కాస్తారు. మనమూ కాయొచ్చు, 25, 50 లేదా 100 నాణేలు. కింద నేలమాళిగలో బ్లడ్‌వర్క్స్. అక్కడ ఓవిన్ అనే మొరటు మనిషి ఉంటాడు. మనల్ని ఎగాదిగా చూసి, నువ్వు బతికి బట్టకట్టేవాడివి కాదన్నట్టు మాట్లాడి, చివరికి నీలం జట్టులో చేర్చుకుంటాడు. తేలికదో బరువైనదో ఒక యూనిఫాం ఇస్తాడు, అది వేసుకోకుండా బరిలోకి పంపడు. పిట్ డాగ్ అనే అట్టడుగు మెట్టు నుంచి మొదలై బ్రాలర్, బ్లడ్‌లెటర్, మిర్మిడన్, వారియర్, గ్లాడియేటర్, హీరో దాకా ఎక్కుతూ పోవాలి. ఆ పైన ఛాంపియన్, అందరికంటే పైన గ్రాండ్ ఛాంపియన్. చచ్చిన ప్రత్యర్థి ఒంటి మీద వస్తువులు ముట్టుకోకూడదనేది రూలు. గెలిచాక మళ్లీ ఓవిన్ దగ్గరికి వెళ్లి డబ్బులు తీసుకోవాలి. మొదట్లో ఒక పోటీకి 50 నాణేలు. ప్రాణం పణంగా పెట్టినందుకు మరీ చవక బేరం.

ఇంతే అరీనా. వినడానికి ఏమంత గొప్పగా లేదు కదా. కానీ మిగతా ఆటంతా ఆడి ఇక్కడికొస్తే తేడా తెలుస్తుంది. బయట ఎక్కడైనా మనం ఓడిపోతుంటే పారిపోవచ్చు, కాపలావాళ్ల మధ్యలోకి పరిగెత్తొచ్చు, కొండెక్కి కూర్చుని బాణాలు వేయొచ్చు. ఇక్కడ ఊచల తలుపు కిందికి దిగి దారి తెరుచుకున్నాక గుండ్రటి బరి, ఎదురుగా ఒకడు, అంతే. దోచుకోవడానికి ఏమీ లేదు, మాటలతో ఒప్పించడానికి ఎవరూ లేరు. అంత పెద్ద ఆటలో పోరాటం తప్ప ఇంకేమీ లేని చోటు ఇదొక్కటే. అందుకే పోరాటాన్ని తగ్గించే చిట్కా బయట ఎక్కడైనా చిట్కాయే గానీ, అరీనాలో మాత్రం తలుపు తీసి ఖాళీ గదిలోకి పంపించినట్టు ఉంటుంది.

గమ్మత్తేంటంటే ఈ ఆటల వరుస పుట్టిందే బరిలోంచి. 1994లో వచ్చిన మొదటి ఎల్డర్ స్క్రోల్స్ ఆట పేరే అరీనా. జట్టు కట్టుకుని ఊరూరా తిరుగుతూ బరుల్లో పోట్లాడే ఆటగా దాన్ని మొదలుపెట్టారు. చేస్తూ చేస్తూ ఉండగా ఊళ్లూ, గుహలూ, పక్క పనులూ పెరిగిపోయి అసలు బరే ఎగిరిపోయింది. పేరు మాత్రం మిగిలింది. 2002 నాటి మారోవిండ్‌లో వివెక్ నగరంలో ఒక అరీనా కట్టారు గానీ, అందులో ఇలా మెట్లెక్కుతూ పోయే పోటీలు లేవు. పైగా ఆ ఆటలో కత్తి వెళ్లి ఒంటికి తగిలినట్టు కళ్లకు కనబడుతున్నా, తెర వెనక పాచికలు పడి దెబ్బ తప్పిపోయేది. ఆబ్లివియన్‌లో ఆ బాధ లేదు. కత్తి తగిలిందా, తగిలినట్టే. మన చేతి పనితనానికి నిజంగా విలువ వచ్చింది ఇక్కడే. ఆ తర్వాత 2011లో స్కైరిమ్‌లో ఇలాంటి అరీనానే లేకుండా చేశారు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

సరే, గెలవడం సంగతి. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 2006 నాటి అసలు ఆటవి. 2025 ఏప్రిల్ 22న ప్రకటించిన రోజే అమ్మకానికి పెట్టేసిన రీమాస్టర్డ్‌లో లెవెల్ పెరిగే పద్ధతి మార్చారు, దౌడు తీసే బటన్ కూడా ఇచ్చారు, కాబట్టి అది వేరే పేచీ.

అరీనాలో ఓడిపోయేవాళ్లలో చాలామంది చేసే ఆలోచన ఒకటే: "నేనింకా చిన్న లెవెల్‌లో ఉన్నా, పెరిగాక వచ్చి కొడతా." వేరే ఏ ఆటలోనైనా ఇది సరైన ఆలోచనే. ఆబ్లివియన్‌లో తలకిందులు. మనతో పాటు లోకం కూడా పెరుగుతుంది. మొదట్లో తోలు చొక్కాలేసుకుని దారి కాచే దొంగలు, మనం పెద్ద లెవెల్‌కి చేరేసరికి గ్లాస్ కవచాలు తొడుక్కుని తిరుగుతుంటారు. ఆ కవచం అమ్ముకుంటే ఇల్లు కొనుక్కోవచ్చు, వీళ్లేమో వంద నాణేల కోసం మనల్ని బెదిరిస్తుంటారు. అరీనాలో మన ఎదుట నిలబడేవాళ్లూ మన లెవెల్‌ని బట్టే గట్టిపడతారు.

అసలు చిక్కు లెవెల్ ఎలా పెరుగుతుందన్న దాంట్లో ఉంది. మొత్తం 21 స్కిల్స్‌లో ఏడు మనవిగా ఎంచుకుంటాం. ఆ ఏడింటిలో కలిపి పది మెట్లు ఎక్కితే, మంచం మీద పడుకుని లేచినప్పుడు ఒక లెవెల్ పెరుగుతాం. ఇప్పుడు ఆ ఏడింటిలో పరుగూ గెంతడమూ పెట్టుకున్నారనుకోండి, ఊళ్లు తిరుగుతుంటేనే లెవెల్ మీద లెవెల్ పెరిగిపోతుంది. కత్తి తిప్పడం మాత్రం మొదట్లో ఎలా వచ్చో అలాగే వచ్చు. లోకమేమో "ఓహో, పెద్దవాడయ్యాడు" అనుకుని తగ్గట్టు సిద్ధమవుతుంది. పైగా లెవెల్ పెరిగినప్పుడల్లా మన హెల్త్‌కి కలిసేది ఎండ్యూరెన్స్‌లో, అంటే దెబ్బలకి తట్టుకునే శక్తిని చూపే అంకెలో, పదో వంతే. ఎండ్యూరెన్స్ తర్వాతెప్పుడో పెంచుకుంటే, పాత లెవెల్స్‌లో పోగొట్టుకున్నది తిరిగి రాదు. తొందరగా పెరిగినవాడు ప్రతి మెట్టు మీదా కొంచెం కొంచెం బలహీనపడుతూ వస్తాడన్నమాట. వాళ్లు అరీనాకి వచ్చేది ఆ స్థితిలో.

కాబట్టి నా మాట: అరీనాకి ఆలస్యంగా కాదు, తొందరగా వెళ్లండి. కత్తి లేదా గొడ్డలి, దాంతో పాటు షీల్డ్ అడ్డుపెట్టడం, ఈ రెంటినీ మీ ఏడు స్కిల్స్‌లో పెట్టుకుని, పరుగూ గెంతడమూ బయట పెట్టండి. తర్వాత నేరుగా ఓవిన్ దగ్గరికి. బ్లడ్‌వర్క్స్ కంటే మంచి బడి ఆ ఆటలో లేదు.

దీన్నే ఇంకా ముందుకు తీసుకెళ్లి, అసలు పడుకోకుండానే ఒకటో లెవెల్‌లో ఉండిపోయేవాళ్లు ఉన్నారు. స్కిల్స్ పెరుగుతూనే ఉంటాయి, లెవెల్ పెరగదు, ఎదుటివాడు పసివాడిగానే ఉండిపోతాడు. మోసం అనను గానీ, అదేం సరదానో నాకు అర్థం కాదు. కథానాయకుడు నెలల తరబడి నిద్రపోకుండా ఎర్రటి కళ్లతో తిరుగుతుంటే, ఊరి జనం ఏమనుకుంటారోనని నాకు టెన్షన్.

ఇక బరిలో. మా పిన్ని కొడుకు ఒకడు పాత ల్యాప్‌టాప్‌లో ఆబ్లివియన్ వేసుకుని, సెలవులకి మా ఇంటికి వచ్చినప్పుడు నా పక్కన కూర్చుని ఆడేవాడు. మౌస్ పట్టుకున్న పద్ధతి చూస్తేనే సంగతి తెలిసిపోయింది. ఊచలు దిగడం ఆలస్యం, ముందుకు పరిగెత్తి టకటకా క్లిక్ చేయడమే. మొదటి రెండు దెబ్బలకి ఎదుటివాడి ఎర్ర గీత, అంటే హెల్త్, బాగానే తగ్గింది. ఆ తర్వాత ఎన్ని పడినా తగ్గదే. వాడు మాత్రం షీల్డ్ ఎత్తుకుని నింపాదిగా నిలబడి, వీడు ఆగినప్పుడల్లా ఒకటి పీకుతున్నాడు.

"అన్నా, వీడేంటి, సగం పోయాక ఇంక చావట్లేదు? గేమ్ చీటింగ్ చేస్తోంది."

"వాడు అలాగే ఉన్నాడురా. నీ దెబ్బే సగమైపోయింది. ఎర్ర గీత కాదు, నీ ఆకుపచ్చ గీత చూడు."

ఆకుపచ్చ గీత ఫటీగ్, అంటే ఒంట్లో మిగిలిన సత్తువ. కత్తి ఊపిన ప్రతిసారీ అది తగ్గుతుంది, బలంగా గురిపెట్టి కొడితే ఇంకా ఎక్కువ తగ్గుతుంది, గెంతితే తగ్గుతుంది. అది నిండుగా ఉంటే కత్తి పూర్తి దెబ్బ కొడుతుంది. సున్నాకి చేరితే దెబ్బ సగానికి సగం పడిపోతుంది. కత్తి అరిగితే కూడా ఇదే శిక్ష. పదును పూర్తిగా పోయేకొద్దీ దెబ్బ సగం దాకా జారుతుంది. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఎంత మంచి కత్తి పట్టుకున్నా నాలుగో వంతు కత్తి పట్టుకున్నట్టే. మావాడి కత్తి చూస్తే సగానికి పైగా అరిగిపోయి ఉంది. సుత్తులు కొనడానికి డబ్బులు దండగని కొనలేదట.

కబడ్డీ ఆడినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కూత ఆగిపోయాక అవతలి గీత లోపల నిలబడినవాడు ఎంత కండలు తిరిగినవాడైనా దొరికిపోయినవాడే. ఆకుపచ్చ గీత మన కూత.

"మరి ఏం చేయమంటావ్, కొట్టకుండా నిలబడనా?"

అదే చేయమన్నాను. షీల్డ్ ఎత్తి పట్టుకుని నిలబడు. వాడు కొడతాడు, కత్తి షీల్డ్‌కి తగులుతుంది, చాలాసార్లు వాడి చెయ్యి వెనక్కి తుళ్లుతుంది. ఆ తుళ్లిన క్షణం నీది. రెండు దెబ్బలు వేసి మళ్లీ షీల్డ్. ఆశపడి మూడోది వేశావో, వాడి దెబ్బ నీకు తగులుతుంది. మావాడు మూడోది వేస్తూనే ఉన్నాడు. వేసిన ప్రతిసారీ తిన్నాడు. కాసేపటికి నోరుమూసుకుని రెండే వేయడం మొదలుపెట్టాడు, గదిలో టకటకలు తగ్గాయి, ఆట గెలిచాడు. గెలిచాక నా వైపు కూడా చూడలేదు. వెంటనే తర్వాతి పోటీ అడగడానికి ఓవిన్ దగ్గరికి పరిగెత్తాడు.

బాణాలు వేసేవాళ్లు, మంత్రాలు విసిరేవాళ్లు వచ్చినప్పుడు మాత్రం ఇంత ఓపిక పనికిరాదు. దూరం తగ్గించడమే మందు. నేరుగా కాకుండా అడ్డంగా జరుగుతూ దగ్గరికి వెళ్లి మీద పడాలి. ఒక పోటీలో ముగ్గురు ఆర్గోనియన్ (బల్లి రూపం జాతి) ఖైదీల్ని ఒకేసారి వదులుతారు. అక్కడ చేయాల్సింది ముగ్గురూ ఎప్పుడూ కళ్ల ముందే ఉండేలా వెనక్కి జరుగుతూ ఉండటం. చుట్టుముట్టనిచ్చారా, అంతే సంగతులు.

అన్నిటికంటే తక్కువ మంది పట్టించుకునేది వంటింటి సరుకు. రోలూ రోకలీ ఒక్కటుంటే చాలు, మామూలు తిండి వస్తువులు చాలావాటిలో ఏ రెండు రకాలు కలిపి నూరినా ఫటీగ్ నింపే మందు తయారవుతుంది. యాపిల్, రొట్టె, బంగాళాదుంప, టమాటా, క్యారెట్, వీటిలో ఏవైనా సరే. వీటన్నిటికీ మొదటి గుణం అదే కాబట్టి, మందుల పని అస్సలు రానివాడికి కూడా అది తెలుస్తుంది. పొలాల పక్కన దారిలో నడుస్తూ కోసుకోవచ్చు. పోరాటం మధ్యలో మెనూ తెరిస్తే ఆట ఆగుతుంది, ఒకేసారి నాలుగు మందులు తాగొచ్చు. కత్తికి విషం పూసుకోవచ్చు, కాకపోతే ఒక్క దెబ్బకే పనిచేస్తుంది. ఇంకోటి: పోటీ మొదలయ్యే ముందు ప్రకటన చేసేవాడు నగర ప్రజలారా అంటూ ఊగిపోతూ ఉపన్యాసం ఇస్తాడు. అది అయ్యేదాకా ఊచలు దిగవు. మనకు కావాల్సిన రక్షణ మంత్రాలన్నీ ఆ మాటల చివర్లో వేసుకుంటే, ఊచలు దిగే వేళకి తాజాగా ఉంటాయి. మొదట్లోనే వేసుకుంటే ఆయన వాగ్ధాటికే సగం అయిపోతాయి.

ఇన్ని చెప్పి గ్రాండ్ ఛాంపియన్ చిట్కాని మాత్రం తిట్టడం ఏం న్యాయం అనొచ్చు. విషం పూయడం తప్పు కానప్పుడు అది ఎందుకు తప్పు? నా గీత ఇక్కడ ఉంది: మనం చేసిన సన్నాహం తర్వాత కూడా ఎదుటివాడు మనల్ని చంపడానికి ప్రయత్నిస్తున్నాడా లేదా? విషం, మందు, మంత్రం, షీల్డ్, వీటన్నిటి తర్వాతా వాడు కత్తి ఊపుతూనే ఉంటాడు. ఆ మాటకొస్తే కష్టం పాళ్లు మార్చే స్లైడర్‌ని కిందికి జరుపుకునేవాళ్లని వెక్కిరించడం నాకు ఎప్పుడూ నచ్చదు. స్లైడర్ దించినవాడు కూడా పోట్లాడే గెలుస్తాడు. అదే ఐదారు వస్తువులకి చమీలియన్ మంత్రం ఎక్కించుకుని నూటికి నూరు శాతం కనపడకుండా పోయినవాడు పోట్లాడట్లేదు. ఎదుటివాడు ఖాళీ బరిలో వెతుక్కుంటూ తిరుగుతుంటాడు, వీడు వెనకనుంచి పొడుస్తుంటాడు. మొదటిసారి నవ్వొస్తుంది. తర్వాత ఎలా గెలిచామో కూడా గుర్తుండదు.

ఆ గ్రాండ్ ఛాంపియన్‌ని గ్రే ప్రిన్స్ అంటారు, అతని కథ దీనికంటే వేరు, ఇంకా పెద్దది. అసలు పేరు అగ్రోనాక్ గ్రో-మలోగ్. సగం ఓర్క్ (ఆటలోని ఒక జాతి), బూడిద రంగు ఒళ్లు. బ్లడ్‌వర్క్స్‌లోనే సాధన చేస్తూ కనిపిస్తాడు. మాట్లాడితే మర్యాదగానే మాట్లాడతాడు. తన తండ్రి ఒక జమీందారనీ, తల్లి అక్కడ పనిచేసిన ఓర్క్ స్త్రీ అనీ, తన పుట్టుకని ఎవరూ నమ్మరనీ చెప్పి, క్రోహేవెన్ కోటకి వెళ్లి రుజువు తెచ్చిపెట్టమంటాడు. తల్లి ఇచ్చిన తాళంచెవి మన చేతికిస్తాడు. అక్కడ దొరికేది లోవిడికస్ ప్రభువు డైరీ. రుజువు దొరికినట్టే, తండ్రి ప్రభువే. కాకపోతే రక్తం తాగే పిశాచి. ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు.

డైరీ తెచ్చి ఇస్తే అగ్రోనాక్ మాట నిలబెట్టుకుంటాడు, తనకు తెలిసిన పోరు మెళకువలు నేర్పుతాడు. కానీ మనిషి కుప్పకూలిపోతాడు. తనలో పారేది ఆ రక్తమని తెలిశాక బతకడం మీదే విరక్తి. ఆ తర్వాత బరిలో ఎదురుపడితే చెయ్యి ఎత్తడు. కానిచ్చెయ్ అన్నట్టు నిలబడిపోతాడు. ఇంకో దారి లేదు, ఒకరు చస్తేగానీ పోటీ ముగియదు. నరికాక జనం ఎప్పటిలాగే అరుస్తారు, ప్రకటనవాడు ఎప్పటిలాగే ఊగిపోతాడు. ఓర్పుతో పోట్లాడి గెలిచినవాడికీ, చెయ్యెత్తని మనిషిని నరికినవాడికీ అక్కడ ఏ తేడా చూపించరు. ఆట చేసినవాళ్లు తేడా చూపించకుండా వదిలేయడమే నాకు గొప్పగా అనిపిస్తుంది. మంచీ చెడూ చెప్పే డైలాగ్ ఒక్కటి పెట్టినా ఆ దెబ్బ పలచబడిపోయేది.

ఇప్పుడు ఆ సలహా సంగతి చూడండి. ఏమీ తెలియకుండా, పాపం అడిగాడు కదా అని సాయం చేసినవాడికి ఈ కథ కడుపులో గుద్దినట్టు తగులుతుంది. మంచి చేద్దామని వెళ్లి ఒక మనిషిని లోపల చంపేసి, తర్వాత బయటా చంపాల్సి వస్తుంది. ఇటుపక్క, అతనితో మాట్లాడకుండా నేరుగా తలపడినవాడికి అప్పటిదాకా చూడనంత గట్టి పోరాటం దొరుకుతుంది. షీల్డ్, ఆకుపచ్చ గీత, తిండి మందులు, నేర్చుకున్నదంతా అక్కడ పనికొస్తుంది. రెండూ విలువైనవే. "ముందు క్వెస్ట్ చెయ్, ఫ్రీగా గెలుస్తావ్" అని చెప్పేవాడు ఒక్క వాక్యంతో రెండింటినీ లాగేసుకుంటున్నాడు. పోరాటం ఎలాగూ ఉండదు. డైరీ చేతిలో పెట్టేటప్పుడే ఏం జరగబోతుందో తెలుసు కాబట్టి, ఆ గుద్దు కూడా తగలదు. మిగిలేది టైటిల్. దాంతో పాటు పిచ్చి అభిమాని ఒకడు, జుట్టు నిక్కబొడుచుకుని, మన వెనకే తిరుగుతూ చెవి కోసిన మేకలా అరుస్తుంటాడు. అతన్ని డైవ్ రాక్ అనే కొండ మీదికి తీసుకెళ్లి తోసేయడం ఈ ఆట ఆడేవాళ్లలో ఒక పాత ఆచారం. అంత మాత్రం దానికేనా ఇదంతా?

"టైమ్ లేదు, ఆఫీసు నుంచి వచ్చి గంట సేపు ఆడతాం, మాకు గెలుపు చాలు" అనేవాళ్లు ఉంటారు. నాకూ ఆ గంటే దొరుకుతుంది. కానీ క్రోహేవెన్ దాకా వెళ్లి, కోట లోపల పిశాచాలతో పోట్లాడి, డైరీ వెతికి, తిరిగి నగరానికి రావడానికి పట్టే టైమ్‌తో పోలిస్తే, గ్రే ప్రిన్స్‌తో ఓడిపోయి మళ్లీ లోడ్ చేసి ఆడటానికి పట్టేది ఏపాటి? దగ్గరి దారి అని చెబుతున్నది నిజానికి దూరం దారే.

ఈ వ్యాసం చదివాక మీకు ఆ కథలో గుద్దు ఎలాగూ తగలదు, అది నేనే లాగేసుకున్నా. కాబట్టి మీకు మిగిలింది పోరాటం ఒక్కటే. ఛాంపియన్ అయ్యాక, అగ్రోనాక్‌తో మాట కలపకముందే ఒక సేవ్ పెట్టుకోండి. కత్తీ కవచమూ సుత్తితో బాగుచేసుకుని, యాపిల్, రొట్టె మందులు సరిపడా నూరుకుని, పై మెట్టు పోటీలు చూసే ఇసబెల్ ఆండ్రోనికస్ దగ్గరికి వెళ్లి గ్రాండ్ ఛాంపియన్ పోటీ అడగండి. అతన్ని గెలిచాక కావాలంటే పాత సేవ్ తెరిచి క్రోహేవెన్ వెళ్లండి. అది మంచి కోట, డైరీ కూడా బాగా రాశారు.